సోనీ లిస్టన్ ఎవరి మనిషి?

జిమ్ గోడల మీద, టీషర్టుల మీద, ఫోన్ వాల్‌పేపర్లలో మహమ్మద్ అలీ ఫొటో ఒకటి మీరు చూసే ఉంటారు. కుడి చెయ్యి మడిచి, కింద పడి ఉన్న మనిషి మీదికి అరుస్తూ నిలబడ్డ అలీ. 1965 మే 25న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో నీల్ లైఫర్ తీసిన ఫొటో అది. పైన నిలబడ్డాయన గురించి మనకు బోలెడు తెలుసు. కింద వెల్లకిలా పడి ఉన్నది చార్లెస్ ‘సోనీ’ లిస్టన్. ఆ రోజుకి 15 నెలల ముందు వరకూ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అతనే. బాక్సింగ్ నేర్చుకున్నది మిస్సోరి రాష్ట్ర జైల్లో.

లిస్టన్ గురించి ఎక్కడ చదివినా రెండు కథల్లో ఒకటి దొరుకుతుంది. దొంగతనాలు చేసి జైలుకెళ్లిన కుర్రాడు, అక్కడి ఫాదర్ చలవతో గ్లోవ్స్ తొడుక్కుని ప్రపంచ విజేత అయ్యాడన్నది ఒకటి. రౌడీ, మాఫియా పెంపుడు మనిషి, మ్యాచ్‌లు అమ్ముకున్నాడు, చివరికి దిక్కులేని చావు చచ్చాడన్నది రెండోది. మొదటిది చెప్పేవాళ్లు జైలు గేటు దగ్గర ఆపేస్తారు. రెండోది చెప్పేవాళ్లు గేటు బయట మొదలుపెడతారు. అసలు విషయం ఆ గేటు దగ్గరే ఉంది. అతను బయటికి ఎలా వచ్చాడు, ఎవరి పూచీ మీద వచ్చాడు, ఆ పూచీకి బదులు ఎవరికి ఏం రాసిచ్చాడు అన్నది చూస్తే గానీ ఈ రెండు కథలూ ఒకే మనిషివని అర్థం కాదు.

పుట్టిన తేదీ లేని పిల్లాడు

లిస్టన్ ఆర్కన్సా రాష్ట్రంలో, పత్తి చేల మధ్య పుట్టాడు. తండ్రి టోబ్ లిస్టన్‌కి సొంత భూమి లేదు. భూస్వామి పొలం దున్ని పంటలో వాటా ఇచ్చే బతుకు. రెండు పెళ్లిళ్లు, మొత్తం 25 మంది పిల్లలు. సోనీ చివరి నుంచి రెండోవాడని చెబుతారు. పుట్టిన తేదీ 1932 మే 8 అని తనే తర్వాత ఎప్పుడో చెప్పాడు. 1940 జనగణనలో మాత్రం పదేళ్లవాడిగా నమోదయ్యాడు, అంటే 1930 ప్రాంతం అన్నమాట. మన తాతల తరంలో ‘గాలివాన వచ్చిన ఏడు పుట్టాడు’ అని లెక్క చెప్పేవారు చూడండి, ఇతనికి ఆ మాత్రం గుర్తు పెట్టుకున్న వాళ్లు కూడా లేరు. ఛాంపియన్ అయ్యాక ‘నీ వయసెంత’ అని విలేకర్లు వెటకారంగా అడిగినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

తండ్రి బాగా కొట్టేవాడు. ఆ వాతల మచ్చలు పెద్దయ్యాక కూడా వీపు మీద ఉండేవి. 1946లో తల్లి హెలెన్ కొంతమంది పిల్లల్ని తీసుకుని సెయింట్ లూయిస్ వెళ్లిపోయింది, చెప్పుల ఫ్యాక్టరీలో పనికి. సోనీ తండ్రి దగ్గర మిగిలిపోయాడు. ఒకరోజు తెల్లవారకముందే లేచి బావగారి చెట్టుకున్న పెకాన్ కాయలు దులిపి, పక్క ఊళ్లో అమ్ముకుని, ఆ డబ్బుతో టికెట్ కొనుక్కుని తల్లిని వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కడ బడిలో వేశారు. అంత పెద్ద ఒళ్లేసుకుని చిన్నపిల్లల మధ్య కూర్చుంటే అందరూ నవ్వారు. మానేశాడు. చదవడం, రాయడం రాలేదు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత ప్రతి కాగితం దగ్గరా పనికొస్తుంది.

పని దొరక్క, దొరికినా నిలవక, ఇంకొందరు కుర్రాళ్లతో కలిసి దోపిడీలకు దిగాడు. పెట్రోల్ బంకులు, చిన్న హోటళ్లు. ఎప్పుడూ ఒకే పసుపు రంగు చొక్కా వేసుకునేవాడు కాబట్టి పోలీసులు ఆ చొక్కా పేరే పెట్టేశారు. 1950 జనవరిలో దొరికాడు. అయిదేళ్ల శిక్ష. జూన్ 1న జెఫర్సన్ సిటీలోని రాష్ట్ర జైల్లో అడుగుపెట్టాడు.

జైలు ఏం ఇచ్చింది

ఆ జైలు 1836లో కట్టింది. ఖైదీలు కిక్కిరిసి ఉండేవారు, నల్లవాళ్లను విడిగా ఉంచేవారు. 1954లో అక్కడ పెద్ద అల్లర్లు జరిగాక అమెరికాలో అతి రక్తసిక్తమైన 47 ఎకరాలని దానికి పేరొచ్చింది. అలాంటి చోటు గురించి లిస్టన్ పెద్దగా ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. రోజుకి మూడు పూటలా తిండి గ్యారంటీగా దొరికింది అక్కడే అన్నాడు. జైలు గురించి కాదు, బయట అతను గడిపిన బతుకు గురించి చెప్పే మాట ఇది.

జైల్లో క్యాథలిక్ ఫాదర్ అలోయిస్ స్టీవెన్స్ ఆటల విభాగం కూడా చూసేవాడు. లిస్టన్ ఎవరితోనో ఒకరితో గొడవ పడుతూనే ఉండటం చూసి, ఆ కొట్టుకునేదేదో రింగులో కొట్టుకో అన్నాడు. కొద్ది వారాల్లోనే జైల్లో అతనికి ఎదురు నిలబడే మనిషి లేకుండా పోయాడు. స్టీవెన్స్ సెయింట్ లూయిస్‌లో నల్లవాళ్ల పత్రిక నడిపే ఫ్రాంక్ మిచెల్‌కి, ట్రైనర్ మన్రో హారిసన్‌కి కబురు పెట్టాడు. వాళ్లు నమ్మకం కుదరడానికి థర్మన్ విల్సన్ అనే ప్రొఫెషనల్ హెవీవెయిట్‌ని వెంటబెట్టుకుని జైలుకే వచ్చారు. రెండు రౌండ్లు అయ్యాయి. నన్ను ఇక్కణ్నుంచి బయటికి తియ్యండి, వీడు నన్ను చంపేస్తాడు అన్నాడు విల్సన్.

అంతగా ఏముంది అతనిలో? ఎత్తు మరీ ఎక్కువ కాదు, 6 అడుగుల 1 అంగుళం. చేతులు చాస్తే మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి 84 అంగుళాలు, అంటే ఏడడుగులు. పిడికిలి మామూలు గ్లోవ్స్‌లో పట్టేది కాదు, ప్రత్యేకంగా కుట్టించాల్సి వచ్చేది. ఎడమ చేత్తో కొట్టే జాబ్, చాలామంది బాక్సర్లు దూరం కొలుచుకోవడానికి వాడే ఆ దెబ్బతోనే, ఎదుటివాణ్ని వెనక్కి నెట్టేసేవాడు. హెవీవెయిట్‌లో ఇంకో సౌకర్యం కూడా ఉంది. తక్కువ బరువు తరగతుల్లో వేగం, పాదాల కదలిక చిన్నప్పట్నుంచీ ఒంటపట్టాలి. హెవీవెయిట్‌లో బలం, చేతి పొడవు ఉంటే ఇరవై దాటాక మొదలుపెట్టినా పైకి రావచ్చు. పైగా జైల్లో ఎక్కడికీ పోయేది లేదు, తాగేది లేదు, టైముకి తిండి, టైముకి నిద్ర. ట్రైనింగ్ క్యాంప్ పెట్టాలంటే బయట బోలెడు ఖర్చయ్యే ఏర్పాటు ఇది.

అంతవరకూ మొదటి కథ నిజమే. చిక్కు ఇక్కణ్నుంచి మొదలు.

పూచీ

మన దగ్గర పెరోల్ అంటే ఇంట్లో పెళ్లికో చావుకో నాలుగు రోజులు పంపి మళ్లీ జైలుకి రమ్మనడం. అమెరికాలో అది వేరే ఏర్పాటు. శిక్షలో కొంత భాగం అయ్యాక, మిగతాది బయట గడుపుకో అని షరతుల మీద వదిలేస్తారు. ఉండటానికి ఇల్లు, చెయ్యడానికి పని, బాధ్యత తీసుకునే మనిషి, వీటిని చూపించాలి. షరతు తప్పితే మళ్లీ లోపలికే. ఇల్లూ పనీ ఉన్న మధ్యతరగతి ఖైదీకి ఇది పెద్ద కష్టం కాదు. అక్షరం ముక్క రాని, ఊళ్లో పోలీసులందరికీ మొహం తెలిసిన నల్ల కుర్రాడి కోసం పూచీ పడేదెవరు? అతని నుంచి ఏదో ఒక లాభం ఉందనుకున్న వాళ్లే.

లిస్టన్‌కి మిచెల్, హారిసన్ పూచీ పడ్డారు. 1952 అక్టోబర్ 31న విడుదలయ్యాడు. అయిదు నెలలు తిరక్కుండా 1953 మార్చిలో షికాగోలో గోల్డెన్ గ్లోవ్స్ అనే అమెచ్యూర్ పోటీల్లో ఎడ్ శాండర్స్‌ని ఓడించాడు. శాండర్స్ అంటే అంతకు ముందు ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచినవాడు. సెప్టెంబర్ 2న లిస్టన్ ప్రొఫెషనల్ అయ్యాడు, మొదటి మ్యాచ్‌లో ఎదుటివాడు మొదటి రౌండు కూడా నిలవలేదు.

హారిసన్ మంచివాడే గానీ డబ్బున్నవాడు కాదు. బాక్సర్‌ని పోషించడం తలకు మించిన పనై తన వాటా వదిలేసుకున్నాడు. మిచెల్‌కి సెయింట్ లూయిస్ నేరసామ్రాజ్యంలో పెద్ద తలకాయ అయిన జాన్ విటాలేతో సంబంధాలున్నాయి. ఆ దారిలో లిస్టన్ విటాలే చేతికి వచ్చాడు. మ్యాచ్‌లు లేని రోజుల్లో విటాలే మనుషుల కోసం కార్మిక గొడవల్లో జనాన్ని బెదిరించే పని చేశాడన్నది పోలీసుల మాట. జీతం ఇచ్చేదీ వాళ్లే, మ్యాచ్ ఇప్పించేదీ వాళ్లే, పెరోల్ ఆఫీసర్‌కి ‘వీడికి పని ఉంది’ అని చూపించేదీ వాళ్ల చలవే. జైల్లో ఖైదీ నంబరు ఒకటే ఉండేది. బయటికొచ్చాక వాటాదార్లు తయారయ్యారు.

1956 మేలో ఒక పోలీసుతో గొడవ జరిగింది. పోలీసు మోకాలు విరిగింది, తుపాకీ లిస్టన్ చేతిలోకి వచ్చింది. ఆ పోలీసు జాతి పేరుతో తిట్టాడని లిస్టన్ వాదన. తొమ్మిది నెలల శిక్ష పడింది, అందులో ఆరు నెలలు లోపలున్నాడు. దాదాపు రెండేళ్ల పాటు రింగు ఎక్కలేదు. బయటికొచ్చాక సెయింట్ లూయిస్ పోలీసులు కనపడ్డ చోటల్లా ఆపడం, పట్టుకుపోవడం. ఊరు వదలకపోతే ఏదో ఒక సందులో శవమై తేలతావని ఒక అధికారి తనతో అన్నాడని చెప్పుకునేవాడు. 1958లో ఫిలడెల్ఫియాకి మారాడు.

మారింది ఊరే. ఫిలడెల్ఫియాలో బ్లింకీ పలెర్మో అనే మాఫియా మనిషి ఉన్నాడు. పలెర్మో వెనక న్యూయార్క్‌లో ఫ్రాంకీ కార్బో. కార్బో అప్పట్లో లైసెన్సు లేకుండా అమెరికా బాక్సింగ్‌ని నడిపినవాడు. జేమ్స్ నోరిస్ పెట్టిన ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ ఏళ్ల తరబడి పెద్ద మ్యాచ్‌లన్నిటినీ, టీవీ ప్రసారాల్నీ గుప్పిట్లో పెట్టుకుంది. దానికి బాక్సర్లని సరఫరా చేసేది, మాట వినని మేనేజర్లని దారికి తెచ్చేది కార్బో మనుషులు. 1959 జనవరిలో సుప్రీంకోర్టు ఆ క్లబ్ గుత్తాధిపత్యాన్ని రద్దు చెయ్యాలన్న తీర్పుని ఖాయం చేసింది. ఈ లెక్కన చూస్తే, ఆ దశాబ్దంలో పైకి రావాలనుకున్న ఏ నల్ల హెవీవెయిట్ అయినా ఎక్కడో ఒకచోట ఆ గేటుకి సుంకం కట్టక తప్పలేదు. లిస్టన్ దగ్గర కట్టడానికి డబ్బు లేదు. తనని తానే కట్టాడు.

1960 డిసెంబర్‌లో సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ఉపసంఘం బాక్సింగ్ మీద విచారణ పెట్టింది. అక్కడ బయటపడిన లెక్క ప్రకారం కాగితాల మీద మేనేజర్‌గా ఉన్నది పెప్ బరోన్ అనే ఆయన. అసలు వాటాల్లో సగానికి పైగా కార్బోది, మిగతా దాంట్లో పలెర్మోకి, విటాలేకి తలా కొంత. లిస్టన్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు. తనకు చదవడం రాదని సెనేటర్ల ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. గ్యాంగ్‌స్టర్లని ఈ ఆట నుంచి వెళ్లగొట్టాలా అని అడిగితే, ఒకరి గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, నేనూ సక్రమంగా బతికినవాణ్ని కాదు అనే అర్థంలో జవాబిచ్చాడు. పత్రికలు దీన్ని మాఫియా విధేయతగా రాశాయి. నాకైతే ఆ గదిలో అందరికంటే నిజాయితీగా మాట్లాడింది అతనే అనిపిస్తుంది. కార్బో అయితే నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోలేను అన్న రాజ్యాంగ హక్కుని ప్రశ్న ప్రశ్నకీ వల్లించి కూర్చున్నాడు.

‘మంచి నల్లవాడు’, ‘చెడ్డ నల్లవాడు’

అప్పటి ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్. మృదువుగా మాట్లాడతాడు, సిగ్గరి, కింద పడ్డ ప్రత్యర్థిని చెయ్యిచ్చి లేపుతాడు. మేనేజర్ కస్ డమాటో. నోరిస్ క్లబ్‌తో, కార్బోతో సంబంధం ఉన్న ఎవరితోనూ నా బాక్సర్ ఆడడు అన్నది డమాటో పంతం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ 1957లో ఇదే ప్యాటర్సన్ టైటిల్ కోసం ఎవరితో ఆడాడు? పీట్ రాడమాకర్‌తో. ఒలింపిక్ విజేతే గానీ, ఆ రోజుకి ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడని మనిషి. లిస్టన్ మాత్రం 1959, 60ల్లో క్లీవ్‌ల్యాండ్ విలియమ్స్‌ని రెండుసార్లు, నినో వాల్డెస్‌ని, జోరా ఫాలీని పడగొట్టి, ఎడీ మాచెన్‌ని పాయింట్ల మీద ఓడించి, ఇంకెవరూ మిగలక కూర్చున్నాడు. డమాటో చేతులు కూడా పూర్తిగా శుభ్రం కాదు. 1959లో స్వీడన్ బాక్సర్ జొహాన్సన్‌తో ప్యాటర్సన్ ఆడిన మ్యాచ్ వెనక ఫ్యాట్ టోనీ సలెర్నో అనే మాఫియా నాయకుడి డబ్బుందని తేలి, ఆ గొడవలో డమాటోకి న్యూయార్క్ లైసెన్సు పోయింది.

ఇంకో సంగతి. ప్యాటర్సన్ కూడా చిన్నప్పుడు దొంగతనాలు చేసి విల్ట్‌విక్ అనే బాలుర సంస్కరణ బడికి వెళ్లినవాడే. అక్కడ అతన్ని పట్టించుకున్న టీచర్లు దొరికారు, ఎలినార్ రూజ్‌వెల్ట్ లాంటి వాళ్లు అండగా నిలిచిన సంస్థ అది. తర్వాత పద్నాలుగేళ్లకే డమాటో జిమ్‌లో చేరాడు. మన విజయ్ దేవరకొండ సినిమాలో కనిపించాడే మైక్ టైసన్, అతనిదీ దాదాపు ఇదే దారి. బాలుర సంస్కరణ కేంద్రంలో కౌన్సెలర్‌గా ఉన్న ఒక మాజీ బాక్సర్ నేర్పి, అదే డమాటో దగ్గరికి తీసుకెళ్లి అప్పజెప్పాడు. ముగ్గురూ గోడల వెనక నుంచి వచ్చినవాళ్లే. తేడా ఎంత వయసులో వచ్చారు, బయట ఎవరు చెయ్యి పట్టుకున్నారు అన్న దగ్గరే.

కానీ 1962లో దేశం ఈ మ్యాచ్‌ని అలా చూడలేదు. నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో పెద్దలకు కూడా లిస్టన్ అంటే టెన్షన్. పౌరహక్కుల పోరాటం జోరుగా నడుస్తున్నప్పుడు, జైలు నుంచి వచ్చిన మాఫియా బాక్సర్ నల్లజాతికి ప్రతినిధిగా నిలబడితే తెల్లవాళ్లు ఏమనుకుంటారో అని. అధ్యక్షుడు కెన్నెడీ ప్యాటర్సన్‌ని వైట్‌హౌస్‌కి పిలిచి, తర్వాత ఎవరితో ఆడుతున్నావని అడిగాడు. లిస్టన్ పేరు చెబితే, అయితే నువ్వు గెలిచి తీరాలి అన్నాడు. న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ లిస్టన్‌కి లైసెన్సు నిరాకరించింది. ప్యాటర్సన్ మాత్రం డమాటో మాట కాదని, అతనికీ ఒక అవకాశం దక్కాలి అని పట్టుబట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో నికార్సైన పెద్దమనిషి ఎవరంటే నేను ప్యాటర్సన్ పేరే చెబుతాను.

1962 సెప్టెంబర్ 25, షికాగో. 2 నిమిషాల 6 సెకన్లలో అయిపోయింది.

మర్నాడు ఫిలడెల్ఫియాకి విమానంలో వెళ్తూ, పక్కన కూర్చున్న విలేకరి జాక్ మెకిన్నీతో లిస్టన్ తన మనసులో ఉన్నదంతా చెప్పుకొచ్చాడు. ఇప్పుడు తను ఛాంపియన్, పాత ఛాంపియన్ జో లూయిస్ లాగా మంచిగా ఉంటాడు, జనం గర్వపడేలా నడుచుకుంటాడు. ఊళ్లోవాళ్లు వస్తారు కదా, వాళ్లతో ఏం మాట్లాడాలో కూడా లోపల్లోపల వల్లె వేసుకున్నాడు. తలుపు తెరుచుకుంది. మెట్ల మీద నిలబడి, టై సర్దుకుని, చూశాడు. మేయర్ లేడు, బ్యాండ్ లేదు, జనం లేరు. కొందరు విలేకర్లు, విమానాశ్రయంలో పని చేసేవాళ్లు. అతని భుజాలు దిగిపోవడం కళ్లారా చూశానని మెకిన్నీ తర్వాత చెప్పాడు. అంతకు ముందే ఫిలడెల్ఫియా పోలీసులు అతన్ని పదే పదే పట్టుకుంటూ ఉంటే ఒక జెసూట్ ఫాదర్ అండతో కొన్నాళ్లు డెన్వర్‌లో ఉండి వచ్చాడు. చివరికి అక్కడికే మారిపోయాడు. ఫిలడెల్ఫియా మేయర్‌గా ఉండటం కంటే డెన్వర్‌లో దీపస్తంభంగా ఉండటం నయం అన్న అతని మాట అప్పట్నుంచీ నిలిచిపోయింది.

1963 జూలైలో ప్యాటర్సన్‌తో రీమ్యాచ్, మళ్లీ మొదటి రౌండే, ఈసారి ఒక నాలుగు సెకన్లు ఎక్కువ. అదే ఏడాది సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్ల ఆడపిల్లలు చనిపోయినప్పుడు లిస్టన్ బ్రిటన్ టూర్‌లో ఉన్నాడు. అమెరికావాణ్నని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందన్నాడు. మరి నువ్వు దక్షిణాదికి వెళ్లి ఊరేగింపుల్లో నడవలేదేం అని ఎవరో అడిగితే, పోలీసు కుక్కలు కరిచినా తట్టుకునే పిర్రలు నాకు లేవు అన్నాడని చెబుతారు. ఈ నోటితోనే అతన్ని బుర్ర లేని మొద్దు అనేవారు!

నిజంగా ఓడాడా?

1964 ఫిబ్రవరి 25, మయామీ బీచ్. ఎదురుగా 22 ఏళ్ల కాషియస్ క్లే, ఆ మ్యాచ్ తర్వాత మహమ్మద్ అలీగా పేరు మారింది ఇతనికే. పందేలు 7కి 1 లెక్కన లిస్టన్ వైపు. ఏడో రౌండు గంట కొట్టాక లిస్టన్ స్టూల్ మీద నుంచి లేవలేదు. ఎడమ భుజం పోయిందన్నాడు. జనం ఘొల్లుమన్నారు, అమ్ముకున్నాడన్నారు. డాక్టర్ల బృందం పరీక్షిస్తే భుజం దగ్గర స్నాయువు చిరిగినట్టు నిజంగానే తేలింది. ఫ్లోరిడా అధికారుల విచారణలో మ్యాచ్ ఫిక్స్ అయిందనడానికి ఆధారం దొరకలేదు.

అనుమానం ఎందుకు చావలేదంటే, దాని చుట్టూ ఉన్న కాగితాల వల్ల. లిస్టన్‌కి వాటా ఉన్న ప్రమోషన్ కంపెనీ, ఒకవేళ క్లే గెలిస్తే అతని తర్వాతి మ్యాచ్ నిర్వహించే హక్కుని ముందుగానే 50,000 డాలర్లకి కొని పెట్టుకుంది. అంటే లిస్టన్ ఓడినా అతని మనుషులకి నష్టం లేదు. సెనేట్ దీని మీద మళ్లీ ఆరా తీసింది. రీమ్యాచ్ నిబంధన కారణం చూపించి, ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థ డబ్ల్యూబీఏ అలీ టైటిల్‌ని గుర్తించనంది. బోస్టన్‌లో జరగాల్సిన రీమ్యాచ్ మొదట అలీ హెర్నియా ఆపరేషన్‌తో వాయిదా పడి, తర్వాత అక్కడ అభ్యంతరాలొచ్చి, చివరికి లూయిస్టన్‌లో పిల్లల హాకీ ఆడే హాలుకి చేరింది. వచ్చిన ప్రేక్షకులు 2,434 మంది.

అక్కడ మొదటి రౌండులో అలీ కుడి చేత్తో చిన్న దెబ్బ కొట్టాడు, లిస్టన్ పడిపోయాడు. చాలామందికి దెబ్బే కనపడలేదు. అలీ రూలు ప్రకారం ఖాళీగా ఉన్న మూలకి వెళ్లకుండా మీద నిలబడి లేవమని అరుస్తుంటే రెఫరీ జెర్సీ జో వాల్కాట్ లెక్క మొదలుపెట్టలేకపోయాడు. లిస్టన్ లేచాడు, మళ్లీ కొట్టుకోవడం మొదలైంది. ఆ టైములో రింగు పక్కనున్న పత్రిక సంపాదకుడు నాట్ ఫ్లైషర్ కేకేసి, టైమ్‌కీపర్ గడియారం ప్రకారం పది సెకన్లు ఎప్పుడో దాటిపోయాయని చెబితే వాల్కాట్ వెళ్లి మ్యాచ్ ఆపేశాడు. ఆ లైఫర్ ఫొటోలో గర్జిస్తున్న అలీని చూసి గొప్ప విజయోత్సాహం అనుకుంటాం. అది ‘లేచి ఆడరా’ అన్న విసుగు.

రీప్లే నెమ్మదిగా చూస్తే దెబ్బ తగిలిందనే కనిపిస్తుంది, తల కదిలింది. అంత పెద్ద మనిషి పడి ఉండిపోయేంత దెబ్బా అంటే నాకు నమ్మకం లేదు. మాఫియా బెదిరించిందని, అలీ చేరిన నల్లవాళ్ల మతసంస్థ మనుషులు, ‘బ్లాక్ ముస్లింలు’, బెదిరించారని, అప్పులున్నాయని ఎన్నో మాటలు తిరిగాయి. ఏదీ రుజువు కాలేదు. మయామీ మాత్రం నా లెక్కలో నిజమైన ఓటమే. ముప్పై దాటిన మనిషి, పెద్దగా ట్రైనింగ్ చెయ్యకుండా, తనకంటే వేగంగా కదిలేవాడికి దొరికిపోయాడు. కానీ ఆ మాట లిస్టన్ చెప్పినా, డాక్టర్లు చెప్పినా నమ్మేవాళ్లు లేరు. వాటాలు వేరేవాళ్ల పేరు మీదున్న బాక్సర్ గెలిస్తే వాళ్లు గెలిపించారంటారు, ఓడితే వాళ్లు ఓడించారంటారు. ఆరోగ్యమైన భుజమైనా, చిరిగిన భుజమైనా అతని సొంతం కాదన్నట్టే మాట్లాడారు.

ఆ తర్వాత అమెరికాలో లైసెన్సులు దొరక్క 1966, 67ల్లో స్వీడన్‌లో ఆడాడు. మళ్లీ ఒక్కొక్కరినీ పడగొట్టుకుంటూ వచ్చి 1969 డిసెంబర్‌లో లియోటిస్ మార్టిన్ చేతిలో ఓడాడు. 1970 జూన్‌లో చక్ వెప్నర్‌ని రక్తం కారేలా కొట్టి గెలిచాడు, అదే ఆఖరు. మొత్తం 54 మ్యాచ్‌లు, 50 గెలుపులు, అందులో 39 నాకౌట్లు. 1971 జనవరి 5న భార్య జెరల్డీన్ ఊరి నుంచి లాస్ వేగస్ ఇంటికి తిరిగొచ్చి చూస్తే చనిపోయి ఉన్నాడు, అప్పటికే కొన్ని రోజులైంది. ఒంట్లో హెరాయిన్ ఆనవాళ్లు దొరికాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గుండె ఆగి సహజంగా పోయాడని అధికారిక కారణం. సూదులంటే అతనికి చచ్చేంత భయమని తెలిసినవాళ్లు చెప్పడంతో హత్య అన్న మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సమాధి రాయి మీద పేరు, ఏళ్లు, కింద ‘ఒక మనిషి’ అని ఉంటాయి.

తర్వాత వచ్చినవాళ్లు

పూచీదారు మారితే కథ ఎంత మారుతుందో చూడాలంటే రాన్ లైల్‌ని చూడాలి. 19 మంది పిల్లలున్న ఇంట్లో పుట్టి డెన్వర్‌లో పెరిగాడు. కుర్రతనంలోనే హత్య కేసులో కొలరాడో రాష్ట్ర జైలుకెళ్లాడు. అక్కడ కత్తిపోటు తగిలి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. బాక్సింగ్ నేర్చుకున్నది అక్కడే. ఏడేళ్లకు పైగా జైల్లో ఉండి 1969లో పెరోల్ మీద వచ్చాడు. అతనికి అండగా నిలబడింది కేబుల్ టీవీ వ్యాపారి బిల్ డేనియల్స్. 30 ఏళ్లకి ప్రొఫెషనల్ అయ్యాడు. 1975లో అలీతో టైటిల్ మ్యాచ్‌లో పదకొండో రౌండు దాకా పాయింట్లలో ముందున్నాడు. మర్నాటి ఏడాది జార్జ్ ఫోర్‌మన్‌తో ఆడిన అయిదు రౌండ్లు, ఇద్దరూ పడుతూ లేస్తూ, ఇప్పటికీ జనం వెతుక్కుని మరీ చూస్తారు. ఛాంపియన్ కాలేదు. కానీ ఓడినప్పుడు ఎవరూ ‘ఎవరికి అమ్ముకున్నావు’ అని అడగలేదు.

జేమ్స్ స్కాట్‌ది ఇంకో కొస. లైట్ హెవీవెయిట్. న్యూజెర్సీలోని రాహ్‌వే జైల్లో ఖైదీగా ఉంటూనే జైలు లోపలే మ్యాచ్‌లాడాడు, టీవీలో ప్రసారమయ్యాయి. 1978లో అక్కడే ఎడీ గ్రెగరీని ఓడించాడు, ఆ గ్రెగరీ 1980లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. స్కాట్‌ని మాత్రం ఖైదీ అన్న కారణంతో డబ్ల్యూబీఏ ర్యాంకుల్లోంచి తీసేసింది. పూచీ పడే మనిషే లేకపోతే ఎంత గెలిచినా టైటిల్ దాకా వెళ్లే దారి లేదు. చివరికి 1981లో అతన్ని అదే జైల్లో ఓడించింది డ్వైట్ బ్రాక్స్‌టన్, అదే జైల్లో బాక్సింగ్ నేర్చుకుని అప్పటికే విడుదలై వెళ్లినవాడు.

కార్బోకి 1961లో 25 ఏళ్ల శిక్ష పడింది, ఇంకో బాక్సర్ విషయంలో బెదిరింపుల కేసులో. పలెర్మోకి 15. బాక్సింగ్‌కి దేశం మొత్తానికి ఒకే నియంత్రణ ఉండాలని కెఫావర్ తెచ్చిన బిల్లు గట్టెక్కలేదు, 1963లో ఆయన కూడా పోయాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2000లో, అలీ పేరు మీద ఒక చట్టం వచ్చింది. మేనేజర్‌కి ప్రమోటర్ దగ్గర, ప్రమోటర్‌కి మేనేజర్ దగ్గర వాటా ఉండకూడదు, మ్యాచ్‌లో తను ఎంత తీసుకుంటున్నాడో ప్రమోటర్ బాక్సర్‌కి చూపించి తీరాలి అంటుంది ఆ చట్టం. లిస్టన్ ఉండి ఉంటే ఆ కాగితం ఎవరో ఒకరు చదివి వినిపించాల్సి వచ్చేది.